‘మా ఉద్యోగి కాదు’ అనే జవాబు గురించి రిజర్వు బ్యాంకుకు బహిరంగ లేఖ

భారతీయ రిజర్వు బ్యాంకు వినియోగదారుల విద్య, పరిరక్షణ విభాగం అధికారులకూ, అంబుడ్స్‌మన్ బాధ్యతల్లో ఉండి మా ఫిర్యాదులు తేల్చే పెద్దలకూ నమస్కారం.

గృహరుణం దరఖాస్తు మొదటి పేజీలో, కుడివైపు పైన, అగ్గిపెట్టె అంత గడి ఒకటి ఉంది. దరఖాస్తు పెట్టుకున్న మనిషి దాన్ని నింపడు. నింపమని ఎవరూ అడగరు కూడా. మా తమ్ముడి దరఖాస్తు మొత్తం నల్ల బాల్‌పెన్నుతో రాసి ఉంటే, ఆ గడి ఒక్కటీ నీలి సిరాతో ఉంది. రెండు ఇంగ్లీషు అక్షరాలు, పక్కన ఆరు అంకెలు. ఫైలు తెచ్చిన ఏజెంటు కోడ్ అది. రుణం విడుదలైన రోజున కమిషన్ ఎవరికి చెల్లించాలో బ్యాంకుకు చెప్పేది ఆ గడే. ఆరు నెలలు తిరిగాక అదే బ్యాంకు మాకు రాసిన జవాబులో రెండో పేరా ఇలా మొదలవుతుంది: ‘సదరు వ్యక్తి మా ఉద్యోగి కాదు.’

గడిలో కోడ్ రాయించుకున్నదీ వాళ్లే, మాకు సంబంధం లేదన్నదీ వాళ్లే. రుణం గురించి ఏజెంటు ఇచ్చిన మాట నమ్మి నష్టపోయామనే ఇలాంటి ఫిర్యాదు మీ బల్ల మీదికి వచ్చినప్పుడు ఆ రెండింటిలో దేన్ని ముందు చూస్తారని అడగడానికే ఈ లేఖ రాస్తున్నాను.

నా గురించి రెండు మాటలు. మాది హిందూపురం. ముప్ఫై ఏళ్లకు పైగా బెంగళూరులోనే ఉంటున్నాను. రామ్మూర్తినగర్, టీసీ పాళ్య వైపు కిరాణా కొట్లకూ, టిఫిన్ హోటళ్లకూ లెక్కలు రాసిపెడతాను. లెక్కలు రాసే మనిషికి ఉత్తరాలు రాయడం కూడా వచ్చే ఉంటుందని మా వీధివాళ్ల నమ్మకం. అందుకే కరెంటు బిల్లు తప్పు నుంచి క్రెడిట్ కార్డు వడ్డీ దాకా అందరి ఫిర్యాదులూ నా దగ్గరికే వస్తాయి. ఈసారి మాత్రం మా ఇంటిదే వచ్చింది.

మా తమ్ముడు టిఫిన్ హోటల్ నడుపుతాడు. 2025 జనవరిలో ఒక ఆదివారం ఫ్లాట్ చూద్దామని ఇద్దరం వెళ్లాం. ధర 64 లక్షలు. బిల్డరు సైటు ఆఫీసు ముందు గొడుగు కింద బల్ల, బల్ల మీద బ్యాంకు పేరున్న గుడ్డ, మెడలో బ్యాంకు గుర్తున్న పట్టీ వేసుకున్న కుర్రవాడు. కన్నడంలో మొదలుపెట్టి, మా యాస వినగానే తెలుగులోకి దిగాడు. ‘మీది హిందూపురమా అక్కా? మాది పెనుకొండ దగ్గర’ అన్నాడు. ఆ ఒక్క మాటతో సగం ఫైలు అయిపోయింది. కాఫీ తెప్పించాడు. విజిటింగ్ కార్డు ఇచ్చాడు. బ్యాంకు గుర్తు పెద్దగా, ‘అధీకృత ప్రతినిధి’ అన్న మాట భూతద్దానికి చిక్కేంత చిన్నగా ఉంది. ‘90 శాతం రుణం నా పూచీ అన్నా, మీరు అడ్వాన్సు కట్టేయండి, ఈ రేటుకు ఇంకో వారంలో ఫ్లాటు ఉండదు’ అని తమ్ముడితో అన్నాడు. వెళ్లాక మళ్లీ వాట్సాప్‌లో 19 సెకన్ల వాయిస్ పంపాడు. అందులోనూ అదే పూచీ.

ఆ మాట మీద బిల్డరుకు 5 లక్షలు కట్టాం. అరవై రోజుల్లో మిగతా సొమ్ముకు ఏర్పాటు చేసుకోకపోతే రద్దు, రద్దయితే కోత అని బుకింగ్ కాగితంలో ఉంది. బ్యాంకుకు దరఖాస్తు రుసుము, వాళ్ల మాటలో లాగిన్ ఫీజు, జీఎస్‌టీతో కలిపి 5,900 కట్టాం. కుర్రవాడు ‘ఫైలు ఖర్చులు’ అని ఇంకో 25 వేలు తన భార్య ఖాతాకు ఫోన్‌లో వేయించుకున్నాడు.

ఆస్తి కాగితాలు చూసే లీగల్ అయింది, ఫ్లాటు చూసి విలువ కట్టే టెక్నికల్ అయింది. బ్యాంకు పంపిన వాల్యుయరు ఆ ఫ్లాటు విలువ 57 లక్షల 50 వేలే అని రాశాడు. అందులో 80 శాతం అంటే 46 లక్షలకు శాంక్షన్ లెటర్ వచ్చింది. కుర్రవాడు చెప్పిన లెక్క ప్రకారం రావలసింది 57 లక్షల 60 వేలు. తేడా 11 లక్షల 60 వేలు. ఇడ్లీ, దోసెల మీద బతికే మనిషికి నెలన్నరలో పుట్టే డబ్బు కాదది. బుకింగ్ రద్దయింది. బిల్డరు 3 లక్షలు కోసుకుని 2 లక్షలు వెనక్కి ఇచ్చాడు.

ఇక్కడ ఒక విషయం మీకు చెప్పనక్కర్లేదు గానీ చదివేవాళ్ల కోసం చెబుతాను. 30 లక్షలు దాటి 75 లక్షల లోపు ఉండే గృహరుణం ఇంటి విలువలో 80 శాతానికి మించకూడదన్నది మీరు పెట్టిన నిబంధనే. 90 శాతం 30 లక్షల లోపు రుణాలకే. 75 లక్షలు దాటితే 75 శాతమే. పైగా ఇంత ధర ఇళ్లకు రిజిస్ట్రేషన్ ఖర్చులు ఆ విలువలో కలపరు. అంటే ఆ కుర్రవాడు పూచీ పడింది బ్యాంకు ఇవ్వాలనుకున్నా ఇవ్వలేని దానికి. ఆ సంగతి మా తమ్ముడికి తెలియదు. నాకూ అప్పటికి తెలియదు, సిగ్గుపడుతూనే ఒప్పుకుంటున్నాను. రోజూ అదే పని చేసే ఏజెంటుకు తెలియదంటే నమ్మేదెలా? నిజంగానే తెలియదనుకుంటే, తెలియనివాడి మెడలో ఆ పట్టీ వేసింది ఎవరు?

జూన్‌లో బ్యాంకుకు ఫిర్యాదు రాశాం. జులైలో జవాబు వచ్చింది, మూడు పేరాలు. రుణం ఎంత ఇవ్వాలన్నది పూర్తిగా మా విచక్షణ అని మొదటిది. మా ఉద్యోగి కాదు, హామీలు ఇచ్చే అధికారం అతనికి లేదని రెండోది. మీరు సంతకం చేసిన దరఖాస్తు షరతుల్లో ఈ సంగతి ఉందని మూడోది. చివర్లో మా అంతర్గత అంబుడ్స్‌మన్ కూడా పరిశీలించారని ఒక వాక్యం. బ్యాంకు జీతంతో బ్యాంకు జవాబును పరిశీలించే ఆ పెద్దమనిషి మీద నాకు కోపమేమీ లేదు. ఆయన ముందుకు దరఖాస్తు మొదటి పేజీ వెళ్లిందా లేదా అన్నదే నా సందేహం.

తర్వాతి గడప మీదే. 2021 నవంబరు 12న మొదలైన మీ సమీకృత అంబుడ్స్‌మన్ పథకాన్ని నేను ఒకటికి నాలుగుసార్లు చదివాను. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు, దేశమంతటికీ ఒకే చోట ఫిర్యాదు. నష్టానికి 20 లక్షల దాకా, మనోవేదనకూ తిప్పలకూ లక్ష దాకా ఇప్పించే అధికారం ఆ 2021 పథకం మీకిచ్చింది. ఇలాంటి ఏర్పాటు ఉండటం చిన్న విషయం కాదు. మా వీధిలో ఇద్దరికి కార్డు వ్యవహారాల్లో డబ్బు వెనక్కి వచ్చింది కూడా. అయితే అవి అంకెల తగాదాలు. స్టేట్‌మెంటులో ఉంది, తప్పు దొరికింది, ఇచ్చేశారు. నోటి మాట తగాదా దగ్గరకు వచ్చేసరికి దారి ఇరుకవుతుంది.

ఫిర్యాదులు రాసే మనిషిగా నాకు మొదట అర్థమైంది ఏమిటంటే, ఒకే కష్టాన్ని ఏ మాటతో మొదలుపెట్టామన్న దాన్ని బట్టి దాని గతి మారిపోతుంది. ‘బ్యాంకు రుణం తక్కువ ఇచ్చింది’ అని రాస్తే అది బ్యాంకు వ్యాపార నిర్ణయం. మీ పథకం ప్రకారం అలాంటి ఫిర్యాదు విచారణకే రాదు. ‘బ్యాంకు ఏజెంటు తప్పుడు షరతులు చెప్పి అమ్మాడు’ అని రాస్తే అది సేవాలోపం, లోపలికి వస్తుంది. మోసపోయింది ఒకే మనిషి, పోయింది అవే 3 లక్షలు. హోటల్ నడిపే మా తమ్ముడు తనంతట తానుగా రాసుకుని ఉంటే కచ్చితంగా మొదటి వాక్యమే రాసేవాడు, ఎందుకంటే అతని మనసులో ఉన్న బాధ అదే. వాక్యం సరిగ్గా కుదరలేదని ఫిర్యాదు మూసేయకుండా, వెనకున్న సంగతి ఏమిటని ఒక ప్రశ్న అడిగే ఏర్పాటు ఉండాలి.

గడప దాటాక రెండో ఇరుకు. ఫిర్యాదు తేల్చడానికి విస్తారమైన పత్రాలూ మౌఖిక సాక్ష్యాలూ చూడాల్సి వస్తే, అంబుడ్స్‌మన్ విచారణ దానికి తగినది కాదని చెప్పి తిరస్కరించే వీలు మీ పథకంలో ఉంది. ఏజెంటు వ్యవహారం అంటేనే నోటి వ్యవహారం. గొడుగు కింద చెప్పిన మాటకు సాక్షి ఎవరు? కాఫీ తెచ్చిన పిల్లవాడా? ఈ తిరస్కరణను ఉదారంగా వాడితే ఏజెంట్ల మీద ఫిర్యాదుల్లో నిలబడేవి ఎన్ని మిగులుతాయో మీరే ఆలోచించండి.

ఈ ఇరుకు కొత్తది కూడా కాదు. 2006 నాటి పాత బ్యాంకింగ్ అంబుడ్స్‌మన్ పథకంలో ఏజెంట్ల ప్రస్తావన ఉంది. బ్యాంకు గానీ, దాని డీఎస్‌ఏ, అంటే బ్యాంకు తరఫున రుణాల్లాంటివి అమ్మే ఏజెంటు గానీ ‘రాతపూర్వకంగా’ మాట ఇచ్చిన సౌకర్యం ఇవ్వకపోతే ఫిర్యాదు చేయవచ్చని ఉంది. పక్కనే, రుణాలు మినహా అనీ ఉంది! ఏజెంట్లు ఎక్కువగా తిరిగేదే రుణాల కోసం, వాళ్లు ఏనాడూ చేయనిదే రాతపూర్వకంగా ఇవ్వడం. ఆ వాక్యం రాసిన వారు ఎప్పుడూ ఆదివారం నాడు ఫ్లాటు చూడటానికి వెళ్లి ఉండరు. 2021 పథకం ఆ పాత జాబితాను తీసేసి, సేవాలోపం ఏదైనా సరే అంది. అది మంచి మార్పు. రాత కావాలనే పాత అలవాటు మాత్రం బ్యాంకుల జవాబుల్లో ఇంకా బతికే ఉంది.

నేను కొత్త చట్టం చేయమని అడగడం లేదు. మీ పథకంలోనే ఉన్న మూడు మాటలు గుర్తుచేస్తున్నాను. మీ ముందు విచారణ క్లుప్తంగా సాగుతుంది, సాక్ష్య నియమాలు దాన్ని కట్టివేయవు. బ్యాంకు దగ్గరున్న ఏ పత్రాన్నైనా మీరు తెప్పించవచ్చు. సరైన కారణం లేకుండా ఇవ్వకపోతే, ఆ పత్రం బ్యాంకుకు వ్యతిరేకంగానే ఉందని మీరు అనుకోవచ్చు. ఈ మూడూ ఉండగా నోటి మాటకు సాక్ష్యం లేదని ఎవరైనా ఎందుకు చేతులెత్తేయాలి? దరఖాస్తు మొదటి పేజీ తెప్పించండి. గడిలో కోడ్ ఉందో లేదో చూడండి. ఉంటే ఆ కోడ్ ఎవరిదో, ఆ మనిషితో లేదా ఆ సంస్థతో బ్యాంకు చేసుకున్న ఒప్పందం ఏమిటో, అదే కోడ్ మీద ఇంకెన్ని ఫిర్యాదులు వచ్చాయో అడగండి. ఇవన్నీ బ్యాంకు కంప్యూటర్‌లో ఉన్నాయి. మా దగ్గర ఉండటానికి వీల్లేదు.

ఆ గడి ఫోటో మా దగ్గర ఉండటం కూడా అనుకోకుండా జరిగిందే. ఏ కాగితమూ ఫోటో తీయకుండా చేయి దాటనివ్వొద్దని నేను తమ్ముడికి చెప్పి చెప్పి విసిగించాను. విసుగుతోనే తీశాడు. మొదటి పేజీ ఫోటోలో సాంబారు గిన్నె అంచు కూడా పడింది. మిగతావాళ్లలో ఎంతమందికి ఆ అలవాటు ఉంటుంది?

ఇక ‘అధికారం లేదు’ అన్న మాట. 2006 నవంబరు 3న మీరే బ్యాంకులకు మార్గదర్శకాలు పంపారు. పనిని బయటివారికి అప్పగించినంత మాత్రాన బ్యాంకు బాధ్యత తగ్గదని, డీఎస్‌ఏలతో సహా వాళ్లు చేసిన పనులకు బ్యాంకే బాధ్యత వహించాలని వాటిలో ఉంది. అమ్మే సరుకు షరతులు ఉన్నవి ఉన్నట్టు చెప్పేలా ఏజెంట్లకు తర్ఫీదు ఇవ్వాలని కూడా ఉంది. అంతకన్నా పాతది కాంట్రాక్టు చట్టం, 1872 నాటిది. 238వ సెక్షన్ ప్రకారం యజమాని పని మీద ఉండగా ఏజెంటు చేసిన మోసం, చెప్పిన అబద్ధం యజమాని చేసినట్టే. చట్టం కింద ఇచ్చిన ఉదాహరణ ఇంకా బాగుంది: సరుకు అమ్మిపెట్టే ఏజెంటు, యజమాని చెప్పమనని అబద్ధం చెప్పి ఒకరిచేత కొనిపిస్తే, ఆ కొన్నవాడు ఒప్పందాన్ని వదులుకోవచ్చు. చెప్పమనకపోయినా సరే. నూటయాభై ఏళ్ల నాడే ‘మేము చెప్పమనలేదు’ అన్న సాకు ఊహించి జవాబు రాసిపెట్టారు. అదే సాకు 2025లో లెటర్‌హెడ్ మీద మా ఇంటికి వచ్చింది.

బ్యాంకు తరఫు వాదన నాకు తెలియక కాదు. 1978లో స్టేట్ బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు ఏం చెప్పిందో చదివాను. ఖాతాదారు కుటుంబం తమకు తెలిసిన ఒక బ్యాంకు ఉద్యోగి చేతికి డబ్బు ఇచ్చి ఖాతాలో వేయమంది, అతను మింగేశాడు. అతను ఆ డబ్బు తీసుకున్నది స్నేహితుడిగా, బ్యాంకు పనిలో భాగంగా కాదు, కనుక బ్యాంకుకు బాధ్యత లేదు అంది కోర్టు. కఠినమే అయినా అర్థం చేసుకోదగ్గ మాట. 2022లో పోస్టాఫీసు కిసాన్ వికాస్ పత్రాల కేసు వచ్చింది. అది వినియోగదారుల కమిషన్ నుంచి వెళ్లిన కేసు. పత్రాలు ఏజెంటు చేతికి వెళ్లి, సొమ్ము దారి తప్పింది. ఉద్యోగి తన విధుల్లో భాగంగా చేసిన తప్పుకు పోస్టాఫీసు జవాబు చెప్పాల్సిందే అని కోర్టు అంది. ఈ రెండు తీర్పుల మధ్య గీత ఒకటే: ఆ మనిషి ఆ క్షణంలో ఎవరి పని మీద ఉన్నాడు?

ఆ గీత ప్రకారమే మా లెక్కా నేనే వేస్తాను. భార్య ఖాతాకు వేయించుకున్న 25 వేలు బ్యాంకు మీద రుద్దను. రసీదు లేదు, బ్యాంకు ఫీజుల పట్టికలో ఆ పేరే లేదు. ‘మనవాడే కదా’ అని ఇచ్చాం, అది మా తెలివితక్కువ. నా మరదలు దీనికి ఒప్పుకోదు. ఆ ముక్క కూడా రాయమంటుంది. నేను రాయను. 90 శాతం పూచీ మాత్రం అలాంటిది కాదు. రుణం అమ్మడానికి బ్యాంకు పెట్టిన మనిషి, బ్యాంకు గుడ్డ పరిచిన బల్ల వెనక నిలబడి, అమ్ముతున్న ఆ రుణం గురించే చెప్పిన మాట అది. అది బ్యాంకు పని కాకపోతే ఇంకేది బ్యాంకు పని?

మరో సంగతి. ఆ కుర్రవాడు తెలుగు మాట్లాడటం, పెనుకొండ వాడు కావటం మాకు దక్కిన అదృష్టమేమీ కాదు. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే చోటికి తెలుగు ఏజెంటును పంపడం బ్యాంకు చేసే వ్యాపారంలో భాగం. హొసూరు రోడ్డు వైపు తమిళం వచ్చినవాళ్లు తిరుగుతారు. మంచి పద్ధతే, నాకు అభ్యంతరం లేదు. అయితే ఊరి పేరు చెప్పి సంపాదించిన నమ్మకంతో రుణం అమ్ముడుపోతే ఆ లాభం బ్యాంకుదీ, అదే నమ్మకంతో మేము మునిగితే ఆ కుర్రవాడు ‘ఎవరో బయటివాడు’! ఇది ఏ ఊరి న్యాయం?

2024 అక్టోబరు 1 నుంచి గృహరుణాల్లాంటి కొత్త రిటైల్ రుణాలకు ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలన్నారు. వడ్డీ, ఫీజులు, ఇన్సూరెన్సు, లీగల్ ఖర్చులు అన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో అందులో ఒకే అంకెగా ఉంటుంది. మా తమ్ముడికీ వచ్చింది. చక్కగా ఉంది. ఫిర్యాదు ఎవరికి చేయాలో ఫోను నంబరుతో సహా ఉంది. కాకపోతే అది శాంక్షన్ లెటర్‌తో పాటు వచ్చింది. అప్పటికి 5 లక్షలు బిల్డరు దగ్గర ఉన్నాయి. మీ రక్షణ రుణ ఒప్పందం దగ్గర మొదలవుతుంది, మా నష్టం గొడుగు కింద మొదలవుతుంది. ఆ పత్రంలో ఏజెంటు పేరు గానీ, అతనికి ఈ ఫైలు మీద ఎంత ముడుతుందో గానీ ఎక్కడా లేదు. రుణం ఎంత పెద్దదైతే అంత ఎక్కువ కమిషన్ వచ్చే మనిషి ‘ఎంత కావాలంటే అంత వస్తుంది’ అనకుండా ఎలా ఉంటాడు?

మా వీధిలో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఒకాయన సైటు కొనబోయాడు. బి ఖాతా. మీరు ముంబయి వారైతే ఈ ముక్క తెలియకపోవచ్చు: బెంగళూరులో అన్ని అనుమతులూ ఉన్న ఆస్తి ఎ ఖాతా పుస్తకంలో, ఏదో ఒక లోపంతో పన్ను మాత్రం కడుతున్న ఆస్తి బి ఖాతా పుస్తకంలో ఉంటుంది. బి ఖాతా మీద చాలా బ్యాంకులు రుణం ఇవ్వవు. ‘బి ఖాతా అయినా మేము చేయిస్తాం సార్’ అన్నాడు ఏజెంటు. అడ్వాన్సు వెళ్లిపోయాక లీగల్‌లో ఫైలు పడిపోయింది.

ఇంకొకామెది విచిత్రం. ఏజెంటు కార్డు మీద బ్యాంకు పేరు, ఆమె నోట బ్యాంకు పేరు, నెలనెలా చెల్లించేది మాత్రం అలాంటి పేరే ఉన్న హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీకి. 2025 ఫిబ్రవరి నుంచి జూన్ లోపల రెపో రేటు, అంటే మీరు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ, 6.5 నుంచి 5.5 శాతానికి దిగితే పక్కింటివాళ్ల వాయిదా తగ్గింది, తనది తగ్గలేదు. ఎందుకని అడగడానికి వెళ్తే అప్పుడు తెలిసింది, తనది బ్యాంకు రుణమే కాదని. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు ఇచ్చే కొత్త ఫ్లోటింగ్, అంటే వడ్డీ మారుతుండే గృహరుణాలకు రెపో లాంటి బయటి రేటుతో ముడి పెట్టారు, హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు ఆ ముడి లేదు. ఆమె కోసం మీకు ఫిర్యాదు రాయబోతే ఇంకో గోడ అడ్డం వచ్చింది. 2019 ఆగస్టు నుంచి ఆ కంపెనీలను నియంత్రించేది మీరే, ఫిర్యాదు వినాల్సింది మాత్రం ఢిల్లీలోని నేషనల్ హౌసింగ్ బ్యాంకు. మీ అంబుడ్స్‌మన్ పథకంలోకి వాళ్లు రారు. ఏజెంటు చేసేది అదే పని, చెప్పేది అవే మాటలు, చాలాసార్లు ఒకే మనిషి ఇద్దరికీ ఫైళ్లు తెస్తాడు. అలాంటప్పుడు ఫిర్యాదుకు రెండు వాకిళ్లు ఎందుకు?

ఆస్ట్రేలియాలో ఉన్న మా మేనకోడలు అక్కడి పద్ధతి చెప్పింది, తర్వాత నేనూ చదువుకున్నాను. అక్కడ గృహరుణ బ్రోకరుకు లైసెన్సు ఉండాలి, లేదా లైసెన్సు ఉన్నవారి తరఫున పనిచేయాలి. 2018 నవంబరులో మొదలైన ఆఫ్కా అనే ఫిర్యాదుల సంస్థలో ఆ లైసెన్సుదారు సభ్యుడై ఉండాలి. అక్కడి బ్యాంకుల అక్రమాలపై విచారించిన మాజీ జడ్జి హేన్ కమిషన్ నివేదిక తర్వాత, 2021 జనవరి 1 నుంచి, రుణం తీసుకునేవారి మేలే చూడాలన్న బాధ్యత కూడా బ్రోకరు మీద పెట్టారు. అక్కడా బ్యాంకులు ‘బ్రోకరు మీ మనిషి, మా మనిషి కాదు’ అంటాయి. అన్నా, బ్రోకరు మీదే నేరుగా ఫిర్యాదు పెట్టే వీలుంది, తీర్పు వస్తుంది, ఆ తీర్పు ఫిర్యాదుదారు పేరు లేకుండా అందరూ చదవవచ్చు. మన దగ్గర ఇన్సూరెన్సు ఏజెంటు కావాలంటే పరీక్ష పాసవ్వాలి. మ్యూచువల్ ఫండ్ అమ్మాలంటే ఆ ఫండ్ సంస్థల సంఘం ఆంఫీ ఇచ్చే నంబరు కావాలి. వసూలుకు వచ్చే ఏజెంటుకు కూడా తర్ఫీదు, సర్టిఫికెట్ ఉండాలి. ఇరవై ఏళ్ల అప్పు అంటగట్టే మనిషికి మీ దగ్గర ఏ నమోదూ లేదు. బ్యాంకు ‘కాదు’ అంటే అతను గాలిలో కలిసిపోతాడు.

మరి నేనెందుకు ఇంకా మీ దగ్గర ఫిర్యాదు పెట్టలేదని అడగవచ్చు. వినియోగదారుల కమిషన్ కూడా ఉంది కనుక. 2019 చట్టం ప్రకారం మేము ఉండే ఊళ్లోనే వేసుకోవచ్చు. బ్యాంకునూ ఏజెంటునూ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చవచ్చు. రుసుము మనం చెల్లించిన ప్రతిఫలాన్ని బట్టి ఉంటుంది, మాది 5,900 కనుక అసలు రుసుమే లేదు. నోటీసు అందాక బ్యాంకు 30 రోజుల్లో, మహా అయితే ఇంకో 15 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి. ఆ 45 రోజులు దాటితే వినకూడదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనమే 2020లో తేల్చింది. మూడు నెలల్లో ముగించాలని చట్టంలో ఉన్న మాట గురించి మాత్రం నేనేమీ అనను. అక్కడ వాయిదాలకు తిరిగినవాళ్లు నవ్వుతారు. అక్కడ కేసు నడుస్తుంటే మీరు మా ఫిర్యాదు తీసుకోరు. మీ దగ్గర కూర్చుంటే అక్కడి రెండేళ్ల గడువు నడుస్తూనే ఉంటుంది. ఆలస్యానికి కారణం చూపి వేడుకునే వీలుంది గానీ, వేడుకోలు మీద ఆధారపడి 3 లక్షలు వదిలి కూర్చోలేను.

మీ దగ్గర ఇలాంటి ఫిర్యాదులు ఎలా తేలాయో తెలిస్తే నాకు నిర్ణయం తేలికయ్యేది. మీ వార్షిక నివేదికల్లో లెక్కలుంటాయి, మచ్చుకు కొన్ని ఉదంతాలుంటాయి. ‘ఏజెంటు మాట ఇచ్చాడు, బ్యాంకు కాదంది’ అనే ఫిర్యాదుల్లో దేన్ని ఎందుకు ఒప్పుకున్నారో, దేన్ని ఎందుకు కొట్టేశారో వరసగా చదువుకునే వీలు లేదు. పేర్లు తీసేసి, కారణాలు ఉంచి, ఆ నిర్ణయాలన్నీ బయట పెట్టండి. నాలాంటివాళ్లం చదివి, నిలబడని ఫిర్యాదులు రాయడం మానేస్తాం. మీకే పని తగ్గుతుంది. బ్యాంకులకు కూడా ఏ జవాబు మీ ముందు చెల్లదో తెలుస్తుంది.

ఇక నేను అడిగేది పెద్దదేమీ కాదు. ఫైలు మీద ఏజెంటు కోడ్ ఉంటే, అతను అలా చెప్పలేదని రుజువు చేసే బాధ్యత బ్యాంకు మీద పెట్టండి. ‘మా ఉద్యోగి కాదు’ అన్నదాన్ని జవాబుగానే లెక్కించకండి. ఉద్యోగి అని ఎవరూ అనలేదు. ముఖ్య వివరాల పత్రంలో ఏజెంటు పేరు, కోడ్, కమిషన్ మూడింటికీ ఒక వరస పెట్టించండి. బ్యాంకు పేరుతో మొదటి రూపాయి అడిగే ముందే, రుణం ఎంత శాతం దాటదో రాసిన ఒక చిన్న కాగితం, ఆ మనిషి భాషలో, ఏజెంటు సంతకంతో ఇవ్వాలనండి. మౌఖిక సాక్ష్యం పేరుతో ఫిర్యాదు మూసేసే ముందు ఏజెంటును ఒక్కసారి పిలిపించమని బ్యాంకుకు చెప్పండి. మేము పిలిస్తే ఫోను తీయడు. కమిషన్ ఇచ్చేవాళ్లు పిలిస్తే తీస్తాడు.

2021 పథకం ప్రకారం బ్యాంకు జవాబు అందిన తేదీ నుంచి ఏడాది లోపల మీ దగ్గరకు రావచ్చు. కొన్ని నెలలు ఇంకా ఉన్నాయి. ఫిర్యాదు రాసి పెట్టుకున్నాను, మొదటి వాక్యం ‘తప్పుడు షరతులు చెప్పి అమ్మారు’ అనే ఉంది. జతగా దరఖాస్తు మొదటి పేజీ ఫోటో, విజిటింగ్ కార్డు రెండు వైపులా, 19 సెకన్ల వాయిస్, దాన్ని అక్షరం పొల్లుపోకుండా రాసిన కాగితం ఉన్నాయి. ఏజెంటు ఒప్పందం మాత్రం జతచేయలేను. అది బ్యాంకు దగ్గర ఉంది. తెప్పిస్తారా లేదా అన్నది చెబితే, ఏ గడప ఎక్కాలో ఆ సాయంత్రమే తేల్చుకుంటాను.

ఇట్లు,
రామ్మూర్తినగర్ నుంచి ఒక లెక్కల మనిషి,
బెంగళూరు